ఉలవలు, చెనక్కాయలతో చక్కెర గొలుసుల ప్రాజెక్టు: అనంతపురంలోనే చేయొచ్చా?

సీమపిల్ల, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను ఇక్కడే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్నా. ప్రాజెక్టు అంశం ఈ నెలలోనే చెప్పేయాలి. మా బ్యాచ్‌లో చాలామంది ఏదో ఒక ఆకు సారం తీసి బ్యాక్టీరియా మీద వేసి చూసే పని తీసుకున్నారు. నాకు సంక్లిష్ట చక్కెరల మీద చేయాలని ఉంది.

సిలబస్‌లో చక్కెరలంటే వాటిని విరిచి శక్తి తీసే గ్లైకాలసిస్, క్రెబ్స్ చక్రం, శక్తినిచ్చే ఏటీపీలు ఎన్ని వచ్చాయనే లెక్క. అంతటితో సరి. కణం పైపొర నిండా చక్కెర గొలుసులుంటాయని, కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది వాటితోనేనని ఒక్క పేరా ఉంటుంది. అది పరీక్షలో రాదు. నాకేమో ఆ పేరా చదివినప్పటి నుంచి వేరే దాని మీదికి ధ్యాస పోవడం లేదు.

మా ల్యాబ్‌లో స్పెక్ట్రోఫొటోమీటర్, సెంట్రిఫ్యూజ్, ఫ్రిజ్, ప్రొటీన్ జెల్ నడిపే పెట్టె ఉన్నాయి. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు, అయస్కాంతంతో అణువు నిర్మాణం చూసే ఎన్‌ఎంఆర్ లేదు. గైడు సార్‌ను అడిగితే "చక్కెరల నిర్మాణం తేల్చాలంటే పెద్ద పరికరాలు కావాలమ్మా, బెంగళూరుకు పోవాల్సిందే" అన్నారు. నిజంగా ఇక్కడుండి చేయగలిగింది ఏమీ లేదా? ఈ రంగంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

గండికోట, కడప

అమ్మా, చాలా మంచి ప్రశ్న అడిగావు. నేను డిగ్రీ పిల్లలకు ఇదే సబ్జెక్టు చెబుతాను. ఆ ఒక్క పేరాను ఒక క్లాసంతా లాగి చెప్పడం నాకు అలవాటు, కాబట్టి కాస్త పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

మొదట ఈ గొలుసులు ఎందుకంత చిక్కో చూడు. మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలు చేతికిచ్చి వరసగా కట్టమంటే 6 రకాలు కట్టగలం. మూడు వేర్వేరు హెక్సోజ్ చక్కెరలు (ఆరు కార్బన్లున్నవి) ఇస్తే? ఎట్లా లెక్కపెడతామన్నదాన్ని బట్టి 1,056 నుంచి 27,648 దాకా వస్తాయని గ్లైకోబయాలజీ, అంటే చక్కెర గొలుసుల శాస్త్రం, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అమైనో ఆమ్లానికి ముందొక కొస, వెనకొక కొస, అంతే. చక్కెరకు అట్లా కాదు. పక్క చక్కెర వచ్చి పట్టుకోవడానికి నాలుగు హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు) చోట్లుంటాయి. ఏ చోట పట్టుకుంది, ఆ అతుకు ఏ దిశలో ఉంది (ఆల్ఫానా బీటానా), వలయం ఐదు మూలలదా ఆరు మూలలదా, మధ్యలో కొమ్మ వేసిందా లేదా, ఇవన్నీ మారుతుంటాయి. డీఎన్ఏ, ప్రొటీన్ ఒకే తీగలా సాగిపోతే చక్కెర గొలుసు చింతచెట్టులా కొమ్మలు వేస్తుంది.

ఒక్క అతుకు మారితే ఏమవుతుందో జొన్న చేనిలోనే కనిపిస్తుంది. గింజలో ఉన్న పిండీ, చొప్పలో ఉన్న సెల్యులోజూ రెండూ వట్టి గ్లూకోజే. పిండిలో గ్లూకోజులు ఆల్ఫా 1-4 అతుకుతో కలుస్తాయి, గొలుసు మెలి తిరుగుతుంది, మన లాలాజలంలోని ఎమైలేజు దాన్ని కోసేస్తుంది. సెల్యులోజులో బీటా 1-4. గొలుసులు నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి బిగిసి నిలబడతాయి. దాన్ని కోసే ఎంజైము మనకు లేదు. ఎద్దుకూ సొంతంగా లేదు, దాని కడుపులోని సూక్ష్మజీవులకు ఉంది. గింజ మన కంచంలోకి, చొప్ప గాటికి చేరడం వెనక ఉన్నది ఈ ఒక్క బంధం దిశే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో జన్యువులో రాసి ఉంటుంది. చక్కెర గొలుసుకు అట్లాంటి మూలప్రతి లేదు. కణంలో ప్రొటీన్లను తీర్చిదిద్దే అరలైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో, గాల్జీలో వరసగా కూర్చున్న ఎంజైములు ఒకటి తగిలిస్తే, ఇంకోటి కత్తిరిస్తే, మరోటి కొనకు టోపీ పెడితే గొలుసు తయారవుతుంది. ఆ రోజు ఏ ఎంజైము ఎంత ఉంది, ముడిసరుకు ఎంత ఉంది అన్నదాన్ని బట్టి అదే ప్రొటీన్ మీద వేర్వేరు గొలుసులు వస్తాయి. ఆ ముడిసరుకు, అంటే న్యూక్లియోటైడుకు తగిలించిన చక్కెరలు, కనిపెట్టినందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లూయీ లెలోయిర్‌కు 1970లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. కాబట్టి జన్యుక్రమం మొత్తం చదివేసినా కణం మీద ఏ గొలుసుందో తెలియదు. గొలుసునే చూడాలి.

ఎట్లా చూడాలన్నది పరికరాలున్నవాళ్లు చెప్పాలి. నంద్యాలోడు ఉన్నాడా?

నంద్యాలోడు, ఇప్పుడు హైదరాబాదులో

ఉన్నా సార్. మందుల కంపెనీలో విశ్లేషణ విభాగం నాది. చెల్లెమ్మా, మీ గైడు సార్ మాటను తీసిపారేయొద్దు. నిర్మాణం అనే మాట వాడితే ఆయన చెప్పిందే నిజం.

గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్ మూడింటి బరువూ 180 డాల్టన్లే (అణువుల బరువుకు వాడే కొలత). గొలుసులో చేరేటప్పుడు నీరు పోతుంది కాబట్టి ఒక్కొక్కటి 162 అవుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో గొలుసును విరగ్గొడితే "162 ఊడింది" అని తెలుస్తుంది, ఊడింది ఈ ముగ్గురిలో ఎవరో తెలియదు. బరువు 203 అయితే ఎసిటైల్ అమైన్ ఉన్న హెక్సోజ్, 146 అయితే ఫ్యూకోజ్, 291 అయితే సియాలిక్ ఆమ్లం. అంతవరకు బరువుతో పట్టుకోవచ్చు.

ఏ చోట అతుక్కుందో తేల్చాలంటే ముందు గొలుసులో ఖాళీగా ఉన్న హైడ్రాక్సిల్స్ అన్నిటికీ మిథైల్ గుంపులు తగిలించి, ఆ తర్వాత గొలుసును ముక్కలు చేస్తాం. ఏ చోట మిథైల్ లేదో ఆ చోట అతుకు ఉండేదన్నమాట. ఆల్ఫానా బీటానా అంటే ఎన్‌ఎంఆర్. మొదటి కార్బన్ మీది హైడ్రోజన్ సంకేతం రెండుగా చీలి కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య దూరం 3-4 హెర్ట్జ్ ఉంటే ఆల్ఫా, 7-8 ఉంటే బీటా. గ్లూకోజ్, గెలాక్టోజ్‌లకు ఇది బాగా నప్పుతుంది. మానోజ్‌కు మాత్రం రెండు రూపాల్లోనూ ఈ దూరం చిన్నదే, అక్కడ వేరే కొలత చూడాలి. వీటికి తోడు ఒక్కో చక్కెరను కొన నుంచి ఊడదీసే ఎంజైములు వాడతాం. గెలాక్టోజ్‌ను కోసేది వేసినప్పుడు బరువు 162 తగ్గితే కొనలో ఉన్నది గెలాక్టోజే.

ఇదంతా కేవలం చదువు కోసం కాదు. 2008లో హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు ఉన్నట్టుండి బీపీ పడిపోయి, అమెరికాలో ప్రాణాలు కూడా పోయాయి. హెపారిన్ పంది పేగుల నుంచి తీసే చక్కెర గొలుసు. దాంట్లో అతిగా సల్ఫేటు ఎక్కించిన కాండ్రాయిటిన్ అనే ఇంకో గొలుసు కలిసింది. అప్పటి మామూలు పరీక్షల్లో ఆ కల్తీ హెపారిన్‌లాగే సాగిపోయింది. పట్టించింది ఎన్‌ఎంఆర్‌లో ఒక అదనపు గీత. అప్పటి నుంచి ఆ పరీక్ష లేకుండా హెపారిన్ బయటికి పోదు. హెపారిన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపే అసలు భాగం ఐదు చక్కెరల ముక్క. ఆ ఐదింటినే రసాయనికంగా కట్టి ఫోండాపరినక్స్ అనే మందు చేశారు. 50కి పైగా మెట్లున్న తయారీ అది. దాని జెనరిక్‌ను 2011లో అమెరికాకు పంపింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీసే. ఐదు చక్కెరలకే అంత పని!

అందుకే అంటున్నా, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నిర్మాణం జోలికి పోవద్దు. ఎండాకాలం బెంగళూరులో ఏదైనా ల్యాబ్‌లో శిక్షణ చూసుకో.

కేసీకాలువ, కర్నూలు

నంద్యాల తమ్ముడూ, ఒక్క నిమిషం. పాప అడిగింది నిర్మాణం ఒక్కటే కాదు కదా, గొలుసులు చేసే పని కూడా. దానికి బెంగళూరు దాకా ఎందుకు?

నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్. మాది రోజంతా చక్కెర గొలుసులు చదివే పనే. ఎర్ర రక్తకణం మీదుండే గొలుసు కొనలో ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ ఉంటే అది 'ఏ' గ్రూపు. అదే చోట గెలాక్టోజ్ ఉంటే బి. రెండూ లేక, ఫ్యూకోజ్ ఉన్న హెచ్ గొలుసు దగ్గరే ఆగిపోతే ఓ. లాండ్‌స్టైనర్ 1900-01లో గ్రూపులు కనిపెట్టాడు, 1930లో నోబెల్ వచ్చింది. ఆ తేడా చక్కెరలోనే ఉందని వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ తేల్చేసరికి 1950లు వచ్చాయి. ఏ-కి, బి-కి మధ్య తేడా ఒక ఎసిటైల్ అమైన్ గుంపు. తప్పు సంచి ఎక్కిస్తే మనిషి ప్రాణం పోయేది ఆ కాస్త తేడాకే.

ఇప్పుడు అసలు సంగతి. మా ఫ్రిజ్‌లో యాంటీ-ఏ1 అని ఒక చిన్న సీసా ఉంటుంది. 'ఏ' గ్రూపులో ఏ1, ఏ2 అని రెండున్నాయి. ఏ1 కణం మీద 'ఏ' గొలుసులు సుమారు 10 లక్షలు ఉంటే ఏ2 మీద 2.5 లక్షల చుట్టూ ఉంటాయి. ఈ రెండింటినీ విడదీసే ఆ సీసాలో ఉన్నది ఉలవల సారం! మన ఉలవలే. పాత శాస్త్రీయ నామం డోలికస్ బైఫ్లోరస్ అని సీసా మీదే రాసుంటుంది, తీసి చూడండి. ఉలవల్లో లెక్టిన్ అనే ప్రొటీన్ ఉంది. దానికి 'ఏ' గొలుసు కొనలోని చక్కెరను పట్టుకునే గుణం. ఒక్కో లెక్టిన్‌కు పట్టుకునే చోట్లు ఒకటికి మించి ఉంటాయి కాబట్టి పక్కపక్క కణాలను కలిపి పట్టుకుని గుత్తులు కట్టిస్తుంది. చిక్కగా వాడితే ఏ2నూ పట్టేస్తుంది. సరైన మేరకు పలుచన చేస్తే ఏ1 మాత్రమే గుత్తులు కడుతుంది, ఏ2 కణాలు విడివిడిగానే ఉండిపోతాయి.

దీన్ని జి. డబ్ల్యు. జి. బర్డ్ 1951లో ఇక్కడే, మన దేశంలో పనిచేస్తూ కనిపెట్టాడు. 1964లో వేరుశనగ గింజల్లో ఇంకో లెక్టిన్ బయటపెట్టిందీ ఆయనే. ఉలవలు, చెనక్కాయలు. పాప ఉండేది అనంతపురంలో. ఇంకేం కావాలి?

సీమపిల్ల, అనంతపురం

అన్నా, ఇది చదివి గదిలో అందరికీ చూపించా. మా ఇంట్లో ఉలవలు నెలనెలా వస్తాయి, వాటిలో ఇది ఉందని ఎవరూ చెప్పలేదు! చెనక్కాయల లెక్టిన్ దేన్ని పట్టుకుంటుంది? బ్లడ్ బ్యాంకులో అది కూడా వాడతారా?

కేసీకాలువ, కర్నూలు

వాడతారు, కానీ అరుదుగా. మామూలు ఎర్రకణాల మీద వేస్తే చెనక్కాయ లెక్టిన్ ఏమీ చేయదు. కణం మీది గొలుసుల కొనల్లో సియాలిక్ ఆమ్లం టోపీలా కప్పి ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియాలు సియాలిడేజ్ అనే ఎంజైముతో ఆ టోపీ ఊడగొడతాయి. అప్పుడు కింద దాక్కున్న టి యాంటిజెన్ బయటపడుతుంది. గెలాక్టోజ్, దాని వెనక ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్, మధ్యలో బీటా 1-3 అతుకు. చెనక్కాయ లెక్టిన్ పట్టుకునేది సరిగ్గా దాన్ని. పేగు పుండిన పసిబిడ్డల్లో, న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా జబ్బు ముదిరిన పిల్లల్లో ఇట్లా అవుతుంది. పెద్దవాళ్ల ప్లాస్మాలో టి-కి వ్యతిరేకంగా యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి, కాబట్టి అట్లాంటి బిడ్డకు ప్లాస్మా ఎక్కించే ముందు డాక్టర్లు ఆలోచిస్తారు. అది తేల్చడానికి వాడేదే ఈ లెక్టిన్.

హెచ్ గొలుసు గురించి ఒక మాట. 1952లో బొంబాయిలో భెండే, ఆయన సహచరులు హెచ్ గొలుసే లేని మనుషులను కనిపెట్టారు. బాంబే గ్రూపు అంటారు. మామూలు గ్రూపింగ్‌లో ఓ అనే వస్తుంది. యాంటీ-ఏ వేస్తే కదలిక ఉండదు, యాంటీ-బి వేసినా అంతే. కానీ ఆ మనిషి సీరమ్‌ను (గడ్డకట్టిన రక్తం పైన తేలే నీటిని) ఓ గ్రూపు కణాలతో కలిపితే టైల్ మీద కళ్ల ముందే ఎర్రటి రవ్వలు లేస్తాయి. ఒక సంచి కాదు, క్రాస్‌మ్యాచ్‌కు, అంటే ఎక్కించే ముందు కలిపి చూసే పరీక్షకు, పెట్టిన ప్రతి ఓ గ్రూపు సంచీ అంతే. వాళ్లకు ఇంకో బాంబే గ్రూపు వాళ్ల రక్తమే పనికొస్తుంది. మన దేశంలో 10 వేలమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది వచ్చేది. మన సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి, ఓ గ్రూపు అనుకున్న ప్రతివాళ్లకూ సీరమ్ వైపు పరీక్ష కూడా చేయాలని నేను కొత్తగా వచ్చిన పిల్లలకు పదే పదే చెబుతా. తీరిక లేదని ఆ పరీక్ష వదిలేయకూడదు.

బుడ్డలరైతు, కదిరి వైపు

ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి పెడతాం. పచ్చివి పెడితే అరగవు, పారుకుంటాయని మా నాయన అనేవాడు. దానికి కారణం మీరు చెప్పే ఈ లెక్టినేనా? ఇంకోటి, మా ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఏదో వీడియో చూసి లెక్టిన్ విషమంట, పప్పులు, బుడ్డలు (మీరనే చెనక్కాయలే) తినొద్దంట అని పట్టుకున్నారు. పండించేదే బుడ్డలు, తినకుండా ఎట్లా?

గండికోట, కడప

అయ్యా, మీ నాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. పచ్చి పప్పుధాన్యాల్లో లెక్టిన్లతో పాటు ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రొటీన్లూ ఉంటాయి, అవి మాంసకృత్తులను అరగనివ్వవు. నానబెట్టి బాగా మరిగిస్తే ఇవి చాలావరకు పాడైపోతాయి. పచ్చి రాజ్మా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, అది నిజం. సన్నని వేడి మీద, మరగనివ్వకుండా వండినా ప్రమాదమే. మన వంటలో పప్పు కుక్కర్‌లో కూత వేసిందాకా ఉడుకుతుంది. అట్లా ఉడికిన దాన్ని మానేయాల్సిన పని లేదని ఇంట్లో ధైర్యంగా చెప్పండి. పప్పు మానేస్తే పోయేది పిల్లల మాంసకృత్తులు.

ఆముదం గింజ మాత్రం వేరు. అందులోని రైసిన్ కూడా గెలాక్టోజ్‌ను పట్టుకునే లెక్టినే, కానీ కణంలోకి దూరి ప్రొటీన్ తయారీనే ఆపేస్తుంది. 1888లో స్టిల్‌మార్క్ రక్తకణాలను గుత్తులు కట్టించి చూపింది ఆముదం సారంతోనే, లెక్టిన్ల చరిత్ర అక్కడే మొదలైంది. సీమపిల్లా, ఆముదం జోలికి మాత్రం పోవద్దు, ఎవరు సలహా ఇచ్చినా సరే.

రైతన్నా, మీ చేనిలోనే ఇంకో చక్కెర పని ఉంది. బుడ్డల చెట్టు పీకితే వేళ్ల మీద గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి కదా, లోపల కోసి చూస్తే గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బ్యాక్టీరియా వాటిలో కాపురం ఉంటుంది. చిక్కుడు జాతి మొక్కల్లో చాలావాటికి ఆ బ్యాక్టీరియా పంపే కబురు ఒక చిన్న చక్కెర గొలుసు. ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్లు నాలుగైదు వరసగా, ఒక కొనకు కొవ్వు తోక. 1990లో అల్ఫాల్ఫా బ్యాక్టీరియాలో దీని నిర్మాణం తేల్చారు. ఆ గొలుసు మీద ఒక సల్ఫేటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏ మొక్క తలుపు తీస్తుందో మారిపోతుంది. వేరుశనగలో ఇంకో విశేషం: బ్యాక్టీరియా వేరు నూగుల గుండా కాకుండా, పక్కవేర్లు పుట్టుకొచ్చే చోట పడే పగుళ్లలోంచి లోపలికి పోతుంది.

బుడ్డలరైతు, కదిరి వైపు

అట్లయితే విత్తనానికి రైజోబియం అనే ఆ బ్యాక్టీరియాను పట్టించేది ఆ కబురు కోసమేనన్నమాట. బాగుంది సార్. ఇంట్లో ఈ రాత్రికే చదివి వినిపిస్తా.

తెల్లకోటు, కడప

పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. చక్కెర గొలుసుల పని టీకాల్లో చూడండి, మనవాళ్లకు గర్వంగా చెప్పుకునే సంగతి. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటికి వీఐ అనే చక్కెర కోటు ఉంటుంది. ఆ కోటునొక్కదాన్నే టీకాగా ఇస్తే రెండేళ్ల లోపు పిల్లలకు సరిగా పనిచేయదు. ఆ వయసులో ఒంటరి చక్కెర గొలుసుకు గట్టి జ్ఞాపకం ఏర్పడదు. అదే గొలుసును ధనుర్వాతం టాక్సాయిడ్ (విషం పోగొట్టిన) ప్రొటీన్‌కు రసాయనికంగా అతికిస్తే రోగనిరోధక టి-కణాలు రంగంలోకి వస్తాయి, 6 నెలల బిడ్డకూ రక్షణ దొరుకుతుంది. అట్లా చేసిన హైదరాబాదు భారత్ బయోటెక్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత దక్కింది. మన ఊళ్లలో టైఫాయిడ్‌తో వచ్చే పిల్లలను చూస్తే ఆ అతుకు విలువ తెలుస్తుంది.

తల్లిపాలు ఇంకో అద్భుతం. లీటరుకు 5 నుంచి 15 గ్రాముల దాకా చిన్న చక్కెర గొలుసులుంటాయి, బిడ్డకు అవి అరగవు. బిడ్డ పేగులోని బిఫిడోబ్యాక్టీరియాకు ఆహారమై, మంచి సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి తోడ్పడతాయి. అందుకే పుట్టిన గంటలోపు పాలు పట్టమని తల్లుల వెంటపడతాం.

కొత్తపేట_రవి, కర్నూలు

షుగర్ పేషెంట్లకు చేసే హెచ్‌బీఏ1సీ కూడా ఇదేనా? అది కూడా ప్రొటీన్‌కు చక్కెర అతుక్కోవడమే కదా?

గండికోట, కడప

అతుక్కోవడమే, కానీ పద్ధతి వేరు. హెచ్‌బీఏ1సీలో ఎంజైము లేదు. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే దానంతటదే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది, అందుకే రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఇక్కడ మాట్లాడుకునే గొలుసులు ఎంజైములు పని గట్టుకుని కట్టినవి.

నంద్యాలోడు, ఇప్పుడు హైదరాబాదులో

కర్నూలు అన్న చెప్పింది ఒప్పుకుంటున్నా, గుర్తింపు వైపు నుంచి వస్తే ఇక్కడే మంచి పని చేయొచ్చు. ప్రాజెక్టు పేరులో నిర్మాణం అనొద్దు, చక్కెరల గుర్తింపు అను. సీమపిల్లా, చెనక్కాయ లెక్టిన్ నిర్మాణం తేల్చింది కూడా మన పక్క ఊరే. బెంగళూరు ఐఐఎస్సీలో ఎం. విజయన్ బృందం 1994లో దాని స్ఫటిక నిర్మాణం ప్రచురించింది. నాలుగు ఉపభాగాలు, ఒక్కొక్కటి సుమారు 27 వేల డాల్టన్లు. ఆ నాలుగూ కూడిన తీరు అంతకుముందు ఏ నాలుగు భాగాల ప్రొటీన్‌లోనూ చూడనంత వింతగా ఉంది. ఒకేరకం భాగాలు నాలుగు కలిస్తే ఉండాల్సిన సౌష్ఠవం అందులో లేదు. అది నీ ల్యాబ్‌లో చూడలేవు, కానీ జెల్ మీద 27 వేల దగ్గర ఒక్క గీత చూడగలవు.

తీసే పద్ధతి చెబుతా. పచ్చి గింజలు తీసుకో, వేయించినవి వద్దు, ఎక్స్‌పెల్లర్ చెక్క అసలే వద్దు, వేడికి ప్రొటీన్ దెబ్బతిని ఉంటుంది. గింజలో సగానికి దగ్గరగా నూనే కాబట్టి పొడి చేసి చల్లటి ఎసిటోన్‌తో నూనె పోయేదాకా కడిగి ఆరబెట్టు. ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో రాత్రంతా ఫ్రిజ్‌లో కలియబెట్టి, గుడ్డతో వడకట్టి, సెంట్రిఫ్యూజ్ చెయ్. అమోనియం సల్ఫేట్‌తో ప్రొటీన్‌ను దించి, డయాలిసిస్ సంచిలో ఉప్పు పోగొట్టు. తర్వాత లాక్టోజ్ అతికించిన అగరోజ్ గొట్టంలో పోస్తే లెక్టిన్ ఒక్కటే లాక్టోజ్‌ను పట్టుకుని ఆగిపోతుంది, మిగతాదంతా దిగిపోతుంది. ఆపైన లాక్టోజ్ ద్రావణం పోస్తే లెక్టిన్ గొట్టాన్ని వదిలి దాన్ని పట్టుకుని బయటికి వస్తుంది. ఆ లాక్టోజ్‌ను మళ్లీ డయాలిసిస్‌తో పూర్తిగా తీసేయాలి, లేకపోతే తర్వాతి పరీక్షలో లెక్టిన్ చేతులు ఖాళీగా ఉండవు.

కేసీకాలువ, కర్నూలు

ఆ తర్వాతి పరీక్ష నాది. 96 గుంతల ప్లేటు, అడుగు గుండ్రంగా ఉండేది కొనుక్కో. మొదటి గుంతలో లెక్టిన్, పక్కదాంట్లో సగం, దాని పక్కన అందులో సగం, అట్లా వరస చివరిదాకా. అన్నిట్లో 2 శాతం ఎర్రకణాల ద్రావణం సమానంగా వేసి కదపకుండా పెట్టు. లెక్టిన్ పట్టుకోని గుంతలో కణాలు జారి అడుగున చిన్న ఎర్ర బొత్తాంలా కూర్చుంటాయి. పట్టుకున్న గుంతలో జారవు, గుంత అంతటా పలుచటి ఎర్ర పొరలా పరుచుకుంటాయి. పొర ఆగిపోయి బొత్తాం మొదలయ్యే గుంత దగ్గర నీ లెక్క దొరుకుతుంది. వంచి చూస్తే అనుమానం తీరుతుంది, బొత్తాం కన్నీటి చుక్కలా కిందికి సాగుతుంది, పొర కదలదు.

చెనక్కాయకు సియాలిడేజ్ వేసిన కణాలు, వేయనివి రెండూ పక్కపక్కన పెట్టాలి. వేయనిదాంట్లో బొత్తాం, వేసినదాంట్లో పొర. ఆ తేడా చూస్తే సియాలిక్ ఆమ్లం టోపీ ఉందనేది పుస్తకంలో మాట కాదని తెలుస్తుంది. ఫ్లూ వైరస్ మన గొంతు కణాలకు అంటుకునేదీ ఆ సియాలిక్ ఆమ్లానికే, బయటికి పోయేటప్పుడు కోసేదీ దాన్నే. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు ఆపేది ఆ కోతనే.

తర్వాత వేరే వరసలో లాక్టోజ్, గెలాక్టోజ్, గ్లూకోజ్, మానోజ్ విడివిడిగా కలిపి మళ్లీ చూడు. లాక్టోజ్, గెలాక్టోజ్ ఉన్నచోట పొర మాయమై బొత్తాం రావాలి, గ్లూకోజ్, మానోజ్ ఉన్నచోట పొర అట్లాగే ఉండాలి.

స్నేహితుల వేళ్లు పొడిచి రక్తం తీయడం మాత్రం వద్దు పాపా. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో, మీ విభాగం నుంచి బ్లడ్ బ్యాంకుకు ఉత్తరం పెట్టించు. గడువు దాటిన, పరీక్షలన్నీ అయిన సంచుల నుంచి కాస్త ఇవ్వమని అడగొచ్చు.

సీమపిల్ల, అనంతపురం

అందరి రాతలూ ముందేసుకుని గైడు సార్ దగ్గర కూర్చున్నా. ఒప్పుకున్నారు! ఉలవల లెక్టిన్ ఎందుకు మన ల్యాబ్‌లో ఎవరూ తీయలేదని ఆయనే అడిగారు. ఇప్పుడు అనుకున్నది ఇది: ఉలవలు, చెనక్కాయలు రెండింటి నుంచీ సారం తీసి, చెనక్కాయదాన్ని లాక్టోజ్ గొట్టంలో శుద్ధి చేస్తా. ఏ1, ఏ2, బి, ఓ కణాల మీద రెండూ చూస్తా. రైతన్న అడిగిన ప్రశ్న కూడా కలిపా. నానబెట్టిన ఉలవలు, నానబెట్టనివి, వేర్వేరు వేడి దగ్గర వేర్వేరు సేపు ఉడికించి లెక్టిన్ బలం ఎంత మిగిలిందో కొలుస్తా. ఎంతసేపు మరిగిస్తే పోతుందో మా సీమ ఉలవలతోనే గీత గీసి చూపించాలని ఉంది.

గండికోట సార్, చక్కెర కొలవడానికి ఫినాల్, సల్ఫ్యూరిక్ ఆమ్లం పద్ధతి వాడొచ్చా?

గండికోట, కడప

తప్పకుండా. 490 నానోమీటర్ల దగ్గర చదువు. ఆమ్లం పోసేటప్పుడు గొట్టం భగ్గున వేడెక్కుతుంది, ముఖానికి దూరంగా, అద్దాలు పెట్టుకుని పొయ్. శుద్ధి చేసిన చెనక్కాయ లెక్టిన్ మీద కూడా ఈ పరీక్ష చెయ్. ఉలవల లెక్టిన్ మీద దానిదే ఒక చక్కెర గొలుసు ఉంటుంది, చెనక్కాయ లెక్టిన్ మీద ఏమీ ఉండదు. చెనక్కాయదాంట్లో రంగు వస్తే గొట్టంలోని లాక్టోజ్ ఇంకా పోలేదని అర్థం, డయాలిసిస్ మళ్లీ పెట్టు. ఉలవలదాన్ని లాక్టోజ్ గొట్టంలో పట్టలేవు, అది వెతికేది ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్. ఆ చక్కెర ఖరీదైంది, కాబట్టి దాంతో అడ్డుకునే పరీక్ష ఒక్కటి చేయడానికి సరిపడా కొంటే చాలు. ఉలవలదాని శుద్ధి అమోనియం సల్ఫేట్ దగ్గర ఆపెయ్.

నంద్యాలోడు, ఇప్పుడు హైదరాబాదులో

ఉడికించిన నమూనాల్లో లెక్టిన్ బలం తగ్గితే, ప్రొటీన్ కరగకుండా అడుగుకు పోయిందా, కరిగి ఉండి కూడా పట్టు పోయిందా అన్నది విడిగా చూడు. సెంట్రిఫ్యూజ్ చేసిన పైనీటిలో ప్రొటీన్ ఎంతుందో బ్రాడ్‌ఫర్డ్ రంగు పరీక్షతో కొలిచి, బలాన్ని మిల్లీగ్రాము ప్రొటీన్‌కు లెక్కగట్టి చెప్పు. అది లేకపోతే వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

కేసీకాలువ, కర్నూలు

ఏ2 కణాలు అడిగినప్పుడల్లా దొరకవు పాపా, మీ ఊరి బ్లడ్ బ్యాంకులో ముందే చెప్పి ఉంచు. అక్కడ కుదరకపోతే అనుమతి పత్రాలు తీసుకుని కర్నూలు రా, మా మేడంతో మాట్లాడతా. వచ్చేటప్పుడు నీ ఉలవల సారం ఐస్ పెట్టెలో తెచ్చుకో. ఒకే ప్లేటులో పై వరస నీది, కింది వరస కంపెనీ యాంటీ-ఏ1 సీసాది, రెండింటికీ అవే ఏ1 కణాలు, అవే ఏ2 కణాలు. నీ సారాన్ని ఎంత పలుచన చేస్తే ఏ2ను వదిలేసి ఏ1ను మాత్రమే పట్టుకుంటుందో ఆ గుంత నంబరు రాసుకుందాం.